కవరు మింగిన ఆవు, చెత్త మోసిన చెయ్యి

(పల్లె యువకులు, పారిశుధ్య కార్మికులు, చిత్తుకాగితాలు ఏరే అక్కలు కలిసి కూర్చున్న ఒక సమావేశంలో చేసిన ప్రసంగం. మాట్లాడినట్టే అచ్చు వేస్తున్నాం.)



ఇందాక ఇక్కడికి వస్తుంటే ఒక పెద్దాయన మమ్మల్ని ఆపాడు. "ఏందయ్యా, ఇళ్ల స్థలాల సంగతి తేలలేదు, కూలి రేట్ల సంగతి తేలలేదు, మీరొచ్చి బొమ్మల గురించి చెప్తారంట?" అన్నాడు. ఆయన అడిగింది న్యాయమే. అందుకని ఆ పెద్దాయనతోనే మొదలుపెడతాం. మేం చెప్పబోయేదాంట్లో సగం ఆయనకు మాకంటే బాగా తెలుసు.

ఆయన వయసులో ఉన్నప్పుడు ఊళ్లో గొడ్డు చస్తే కబురు మాదిగపల్లెకే వచ్చేది. ఊరి బయటకు ఈడ్చుకెళ్లి తోలు ఒలిచేవాళ్లు. పొట్ట కోస్తే ఏముండేది? గడ్డి, చొప్ప, ఎప్పుడన్నా ఒక మేకో, తాడు ముక్కో. కొన్నేళ్లకు కవర్లు రావటం మొదలైంది. ముందు ఒకటీ అరా. తర్వాత ముద్దలు ముద్దలు. ఇంత ముద్ద అని పెద్దాయన రెండు చేతులూ చాపి చూపించాడు. కవర్లన్నీ తాడులా పేనుకుపోయి, రాయిలా గట్టిపడి ఉండేవంట. లోపల పాల ప్యాకెట్లు, చెప్పు ముక్కలు, సూదులు.

ఆవుకైనా గేదెకైనా మొదటి పొట్ట పెద్ద సంచి లాంటిది. మేత అందులో నానుతుంది, నెమరుకు నోట్లోకి వస్తుంది, మళ్లీ లోపలికి పోతుంది. కవరు నానదు, అరగదు. ముందుకు పోదు, వెనక్కి రాదు. పొట్ట నిండినట్టే ఉంటుంది కాబట్టి గొడ్డు మేత ముట్టదు. చూసేవాళ్లకు ఉబ్బిన పొట్ట కనపడుతుంది, గొడ్డు మాత్రం ఆకలితో చస్తుంది. మరి కవరు ఎందుకు తింటుంది అంటారేమో. దానికి బుద్ధి లేక కాదు. మిగిలిన అన్నం, కూరగాయల తొక్కలు కవర్లో పెట్టి ముడేసి రోడ్డు మీదికి విసిరేసేది మనుషులు. ముడి విప్పటానికి గొడ్డుకు చేతులు లేవు.

ఈ సంగతి దేశం ముందుకు ఎప్పుడు వచ్చింది? 2012లో. పుట్టపర్తిలో కరుణా సొసైటీ అనే సంస్థ జబ్బుపడ్డ ఆవులకు ఆపరేషన్లు చేయించి, పొట్టలోంచి కిలోల కొద్దీ ప్లాస్టిక్ బయటకు తీయించింది. (అది అప్పటికి అనంతపురం జిల్లా, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా.) కునాల్ వోహ్రా దాన్ని 'ప్లాస్టిక్ కౌ' అని డాక్యుమెంటరీ తీశాడు. ఆ సంస్థే మరికొందరితో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఇట్లాగే సాగితే రేపటి తరానికి ఇది అణుబాంబు కంటే పెద్ద ముప్పు అన్నట్టుగా కోర్టు కూడా మాట్లాడింది. మంచిది. ఆ డాక్టర్ల పనిని, ఆ సినిమాని మేం తక్కువ చెయ్యం. కానీ పెద్దాయన చేతులు చాపి చూపించిన ముద్దను ఆ కెమెరా కంటే ఎన్నో ఏళ్ల ముందే మాదిగపల్లె చూసింది. చూసినవాడి దగ్గరకు వెళ్లి "నువ్వేం చూశావు" అని అడిగినవాళ్లు లేరు. ముట్టుకోకూడనివాడు చూసింది ఈ దేశంలో సాక్ష్యం కింద లెక్కకు రాదు.

అదే గొడ్డు సంగతిలో 2016 జూలైలో గుజరాత్‌లోని ఊనా దగ్గర ఏం జరిగిందో మీకు తెలుసు. చచ్చిన ఆవు తోలు ఒలుస్తున్న దళిత యువకుల్ని బట్టలూడదీసి, బండికి కట్టి, బజార్లో కొట్టారు. వీడియో తీసి ఊరంతటికీ చూపించారు. తర్వాత సురేంద్రనగర్‌లో మనవాళ్లు చచ్చిన గొడ్లను తెచ్చి కలెక్టరాఫీసు ముందు పడేశారు. మీ తల్లి అంటున్నారు గదా, మీరే పూడ్చుకోండి అన్నారు. తోలు ఒలిచినవాడి వీపు పగిలింది. ఆవు పొట్టలోకి కవరు పంపినవాడి మీద కర్ర లేచిన దాఖలా ఎక్కడా లేదు.

ఇప్పుడు బొమ్మల్లోకి వద్దాం. పసిఫిక్ మహాసముద్రం నడిమధ్యలో మిడ్‌వే అనే చిన్న దీవి ఉంది. ఏ ఖండానికైనా వేల కిలోమీటర్ల దూరం. అక్కడ ఆల్బట్రాస్ అనే పెద్ద సముద్రపు పక్షులు లక్షల్లో గూళ్లు పెడతాయి. 2009లో క్రిస్ జోర్డాన్ అనే అమెరికా ఫొటోగ్రాఫర్ అక్కడికి వెళ్లి, చచ్చి కుళ్లిపోయిన పక్షి పిల్లల ఫొటోలు తీశాడు. ఈకలు, ఎముకలు నేలలో కలిసిపోయాయి గానీ కడుపు ఉన్నచోట మాత్రం సీసా మూతలు, సిగరెట్ లైటర్లు, ప్లాస్టిక్ ముక్కలు రంగురంగులుగా అట్లాగే మిగిలాయి. తల్లిపక్షి నీళ్ల మీద తేలేదాన్ని మేత అనుకుని తెచ్చి పిల్ల నోట్లో పెట్టింది. ఆ ముక్కల్ని ఇటుదటు కదపలేదని, ఉన్నది ఉన్నట్టే తీశానని ఆయన చెప్పాడు. తర్వాత 'ఆల్బట్రాస్' అనే సినిమా కూడా తీశాడు. ఆ ఫొటోలు చూసి లోకం ఏడ్చింది. మేమూ చూశాం, మాకూ గుండె కలుక్కుమంది. చూస్తున్నంతసేపూ గొడ్ల పోటు దగ్గర మన తాత కోసిన పొట్టే కళ్లముందు ఆడింది.

ఆ ఫొటోల్లో మనుషులు లేరు. అది తప్పని మేం అనటం లేదు, ఆయన ఎంచుకున్న పద్ధతి అది. కానీ మనిషే కనపడకపోతే "మనుషులందరం పాపులం" అని అందరి మీదా సమానంగా పంచేసి ఇంటికిపోవటం తేలికవుతుంది. అందరం సమానంగా పాపులం కాం. ఫ్యాక్టరీ పెట్టినవాడూ, వారానికి రెండు షాంపూ ప్యాకెట్లు కొనే అక్కా ఒక్కటి కారు.

దక్షిణాఫ్రికాలో ఎంబొంగేని బుతెలేజి అనే నల్లజాతి చిత్రకారుడు ఉన్నాడు. చిన్నప్పుడు ఊళ్లో పశువుల దగ్గర పెరిగినవాడు. ప్లాస్టిక్ తిని పశువులు చావటం కళ్లారా చూశానని చెప్పుకున్నాడు. తర్వాత సోవెటోలో ఫుండా అనే కేంద్రంలో బొమ్మలు నేర్చుకున్నాడు. జాతివివక్ష రోజులు. రంగులు కొనే స్తోమత లేదు. చుట్టూ చూస్తే చెత్తకుప్పల్లో అన్ని రంగులూ కవర్ల రూపంలో పడి ఉన్నాయి. వేడిగాలి కొట్టే యంత్రంతో ప్లాస్టిక్‌ను మెత్తబరిచి, బట్ట మీద పూసి బొమ్మలు వెయ్యటం మొదలుపెట్టాడు. దగ్గరికెళ్లి చూస్తే పాల సీసా ముక్క, బిస్కట్ కవరు. దూరం నుంచి చూస్తే టౌన్‌షిప్‌లో ఆడుకునే పిల్లలు. (తమ్ముళ్లకు ఒక మాట: ఇది విని ఇంటికెళ్లి కవర్లు కాల్చకండి. ఆయన కరిగించాడు, కాల్చలేదు. కాలిన ప్లాస్టిక్ పొగ విషం. పైపుల ప్లాస్టిక్ అయితే మరీ విషం. డంపింగ్ యార్డుల పక్కన గుడిసెలున్నవాళ్లకు ఆ దగ్గు సంగతి మేం చెప్పక్కర్లేదు.)

బుతెలేజి గురించి చెప్తుంటే మా మనసు ఇంకో దాని మీదికి పోయింది. ప్లాస్టిక్ మన పల్లెల్లోకి చెత్తగా రాలేదు. సరుకుగా వచ్చింది. ముందు మన పనుల మీద పడింది. మాదిగ కుట్టిన చెప్పు పోయి ప్లాస్టిక్ చెప్పు వచ్చింది. మేదరి అల్లిన బుట్ట, చేట పోయి ప్లాస్టిక్ తట్ట వచ్చింది. కుమ్మరి కుండ పోయి ప్లాస్టిక్ బిందె వచ్చింది. ఆఖరికి డప్పు కూడా. తోలు డప్పును మంట దగ్గర కాచి, వేలితో మీటి, గొంతు చూసుకుని మోగించేవాళ్లం. ఇప్పుడు ప్లాస్టిక్ రేకు బిగించిన డప్పులొచ్చాయి. కాచక్కర్లేదు, వానకు తడవదు, బరువు తక్కువ. ఊరేగింపుల్లో అవే మోగుతున్నాయి.

దీన్ని తల్చుకుని ఏడవాలా? ఈ విషయంలో మాలోనే రెండు అభిప్రాయాలున్నాయి. దాచటం దేనికి? చచ్చిన గొడ్డును మొయ్యటం మన సంస్కృతి అని కొందరు రాస్తుంటారు. 1927లో మహద్‌లో చెరువు నీళ్లు తాగిన రోజుల్లోనే చచ్చిన గొడ్డు మాంసం మానెయ్యమని బాబాసాహెబ్ చెప్పాడు. ఆ చాకిరీ పోయినందుకు మాకు విచారం లేదు. కానీ చెప్పు కుట్టే నేర్పు వేరు, వెట్టి వేరు. మార్కెట్ వచ్చి నేర్పునైతే తీసుకుంది, వెట్టి మాత్రం అట్లాగే ఉంచింది. ప్లాస్టిక్ మన చేతిలో పని లాక్కుంది. పాతబడ్డాక చెత్తయి మళ్లీ మన నెత్తికే ఎక్కింది. మురిక్కాలవలో దిగి కవర్లు తీసేది ఎవరు? గోతం భుజానేసుకుని సీసాలు ఏరేది ఎవరు? చెప్పులు పోగొట్టుకున్న ఇంటి పిల్లలే.

లెక్క ఒకటి చెప్తాం. 1950 నుంచి 2015 దాకా ప్రపంచం తయారుచేసిన ప్లాస్టిక్ సుమారు 830 కోట్ల టన్నులు. అందులో 630 కోట్ల టన్నులు అప్పటికే చెత్తయింది. ఆ చెత్తలో మళ్లీ వాడకానికి వచ్చింది 9 శాతం. 12 శాతం కాల్చారు. మిగిలిందంతా భూమి మీదో, గుంటల్లోనో, నీళ్లలోనో ఉంది. ఆ తొమ్మిది శాతం అనే అంకె వెనక మన దేశంలోనూ, మనలాంటి దేశాల్లోనూ చేతులున్నాయి. గ్లౌజులు లేని చేతులు.

ఆ చేతుల బొమ్మ ఒకటుంది. ఇవాళ అసలు చెప్పాలనుకున్నది దాని గురించే.

బ్రెజిల్ దేశంలో రియో నగరం పక్కన, గ్వానబారా సముద్రపు పాయ ఒడ్డున, మడ అడవుల నేల మీద జార్దిం గ్రమాషో అనే చెత్త దిబ్బ ఉండేది. 1970ల నుంచి 2012 దాకా రియో చెత్తలో చాలాభాగం అక్కడే పడేది. దిబ్బలోంచి కారే నల్లనీళ్లు సముద్రంలోకి పోయేవి. దిబ్బ మీద పగలూ రాత్రీ వేలమంది ప్లాస్టిక్, అట్టలు, ఇనుము ఏరుకుని బతికేవాళ్లు. వాళ్లను అక్కడ కతాదోర్లు అంటారు. ఏరేవాళ్లు అని అర్థం. చాలామంది నల్లవాళ్లు, బానిసల మనవలు. 1888 దాకా బానిసత్వం చట్టబద్ధంగా నడిచిన దేశం అది.

విక్ మునీజ్ అనే చిత్రకారుడు అమెరికాలో పేరు తెచ్చుకున్న బ్రెజిల్ వాడు, పేదింటి నుంచి వచ్చినవాడు. ఆ దిబ్బ దగ్గరికి వెళ్లి మూడేళ్లు వాళ్లతో పనిచేశాడు. ముందు ఒక్కొక్కరి ఫొటో తీశాడు. ఆ ఫొటోను పెద్ద షెడ్డు నేల మీద వెలుగుగా పడేట్టు చేశాడు. ఆ గీతల వెంట సీసాలు, మూతలు, టైర్లు, ప్లాస్టిక్ ముక్కలు పేర్చి నింపింది ఎవరనుకున్నారు? ఏరేవాళ్లే, కూలి తీసుకుని. వాళ్ల మొహాన్ని, వాళ్లు ఏరిన చెత్తతో, వాళ్ల చేతుల్తోనే. అంతా అయ్యాక ఎత్తు మీదికెక్కి పైనుంచి ఫొటో తీశాడు. ఆ ఫొటోనే బొమ్మ. 2010లో లూసీ వాకర్ దీని మీద 'వేస్ట్ ల్యాండ్' అనే సినిమా తీసింది. అది ఆస్కార్ పోటీ దాకా వెళ్లింది.

ఎట్లాంటి బొమ్మలు వేశారో చూడండి. జుంబీ అని పిలిచే కార్మికుడు ఒకాయన ఉన్నాడు. దిబ్బలో దొరికిన పుస్తకాలు ఏరి గ్రంథాలయం నడిపినవాడు. ఆ పేరు చిన్నది కాదు. 17వ శతాబ్దంలో పారిపోయిన బానిసలు కట్టుకున్న పల్మారెస్ రాజ్యానికి నాయకుడు జుంబీ. 1695 నవంబర్ 20న ఆయన్ని చంపారు. ఆ రోజును బ్రెజిల్ నల్లవాళ్లు ఇప్పటికీ జరుపుకుంటారు. ఈ కార్మికుణ్ణి విత్తనం చల్లే రైతులాగా నిలబెట్టి బొమ్మ కట్టారు. దిబ్బ మీద అందరికీ వండిపెట్టే ఇర్మా అనే పెద్దామెను నెత్తిన బరువు మోసే మనిషిగా కట్టారు. ఇద్దరు పిల్లల తల్లి సుయెలెం బిడ్డల్ని ఒళ్లో పెట్టుకుని మేరీమాతలా ఉంటుంది.

ఏరేవాళ్ల సంఘం అధ్యక్షుడు తియావ్‌ది అన్నిటికంటే పేరుపడ్డ బొమ్మ. ఫ్రెంచి విప్లవ నాయకుడు మారా 1793లో స్నానపు తొట్టిలో ఉండగా కత్తిపోటుకు చనిపోయాడు. దావీద్ అనే చిత్రకారుడు ఆ ఏడే ఆ మరణాన్ని బొమ్మ గీశాడు. యూరప్‌లో బడిపిల్లలకు కూడా తెలిసిన బొమ్మ అది. తియావ్ అదే తొట్టి, అదే తలగుడ్డ, వేలాడే అదే చేత్తో పడుకున్నాడు. చుట్టూ చెత్త. ఈ తియావ్‌కు ఒకసారి దిబ్బలో మకియవెల్లి రాసిన రాజనీతి పుస్తకం తడిసిపోయి దొరికిందంట. ఫ్రిజ్ వెనక పెట్టి ఆరబెట్టుకుని చదివాడు. మన పిల్లల్లో కూడా పాత కాగితాల కొట్లో అంబేడ్కర్ పుస్తకం దొరికి చదువుకున్నవాళ్లు మాకు తెలుసు.

ఆ బొమ్మ లండన్‌లో వేలంలో 28 వేల పౌండ్లకు పోయింది. డబ్బు సంఘానికి వచ్చింది.

ఇక్కడ కాసేపు ఆగాలి. సినిమాలోనే ఒకచోట చిత్రకారుడూ అతని మనుషులూ వాదించుకుంటారు. వీళ్లను దిబ్బ మీదనుంచి తీసుకొచ్చి, లండన్ చూపించి, మళ్లీ దిబ్బ మీదికి పంపితే వాళ్ల మనసులు ఏమవుతాయి అని. జాలితో వచ్చిన ప్రశ్నే గానీ, మేం దాన్ని ఒప్పుకోలేదు. లోకం చూస్తే పేదవాడు తట్టుకోలేడని దొర అనే మాట అది. మనల్ని బడికి పంపొద్దన్నవాళ్లూ ఇట్లాగే జాలిగా మాట్లాడారు. ఇంకో ప్రశ్న అంతకంటే పెద్దది. బొమ్మ కింద సంతకం ఎవరిది? మునీజ్‌ది. ఆయన ఆలోచన, ఆయన కెమెరా, సరే. బొమ్మల పేర్లలో తియావ్, జుంబీ పేర్లున్నాయి, అదీ మెచ్చుకోవాలి. అయినా పేర్చినవాడి పేరు పేర్చినవాడిగా రాలేదు. బొమ్మలో ఉన్నవాడిగా వచ్చింది. ఈ తేడా మనం గుర్తు పెట్టుకోవాలి.

కొందరు ఒక చిత్రకారుడొచ్చి చెత్త ఏరేవాళ్ల బతుకులు మార్చాడని చెప్తారు. అది నిజం కాదు. ఆయన రాకముందే, 2004లోనే, వాళ్లకు సంఘం ఉంది. దేశం మొత్తం మీద ఏరేవాళ్ల ఉద్యమం 2001లో ఏర్పడింది. 2002లో ప్రభుత్వం కతాదోర్ పనిని వృత్తుల జాబితాలో చేర్చింది. 2010లో వచ్చిన చెత్త చట్టంలో ఏరేవాళ్ల సహకార సంఘాలకు చోటు పెట్టాల్సి వచ్చింది. 2012 జూన్‌లో దిబ్బ మూసేసినప్పుడు ఒక్కొక్కరికీ సుమారు 14 వేల రియాల్ పరిహారం వచ్చింది. బొమ్మ చూసి ఎవరి మనసో కరిగి ఇచ్చిందా అది? సంఘం కొట్లాడి తీసుకుంది. ఆ డబ్బు ఎన్నాళ్లొస్తుంది? చాలామందికి పని పోయింది, దిబ్బ పక్క వాడల్లో పేదరికం అట్లాగే ఉంది. ఇది కూడా చెప్పాలి. సముద్రానికి మంచిదని దిబ్బ మూస్తారు. దాని మీద బతికేవాళ్లను ఏ లెక్కలో రాస్తారు? రేపు మన ఊరి డంపింగ్ యార్డును కంపెనీకి రాసిస్తే ఇదే ప్రశ్న మన గుమ్మంలోకొస్తుంది.

ఘానా దేశం సంగతి కూడా ఒక్క ముక్క. అక్రా నగరంలో వంటనూనె వచ్చే పసుపుపచ్చ డబ్బాల్ని జనం నీళ్లకు వాడుకుంటారు. కుఫూర్ అధ్యక్షుడుగా ఉన్న కాలంలో నీళ్ల కరువొస్తే ఆ డబ్బాలకు 'కుఫూర్ గ్యాలన్లు' అని పేరు పెట్టారు. వెక్కిరింపు చూడండి! సెర్జ్ అటుక్వే క్లాటీ అనే కళాకారుడు ఆ డబ్బాల్ని ముక్కలు కోసి, తీగతో కుట్టి, తన వాడ వీధుల్లోనే తివాచీలాగా పరిచాడు. పనిచేసింది వాడలోని జనమే. నీళ్ల డబ్బా అంటే మాకు కారంచేడు గుర్తొస్తుంది. 1985లో మాదిగలు తాగే చెరువులో గేదెల బకెట్లు కడుగుతుంటే కత్తి చంద్రయ్య అడ్డం చెప్పాడు. కొట్టడానికి వస్తే మున్నంగి సువార్త చేతిలో బిందె ఎత్తింది. మర్నాడు పల్లె మీద పడి ఆరుగురిని చంపారు. కాలుష్యం అనే మాట ఇవాళ అందరి నోట్లో ఉంది. మనం ముట్టుకుంటే నీళ్లు మైలపడతాయని వెయ్యేళ్లు చెప్పినవాళ్లు మనం తాగే నీళ్లలో కుడితి కలపటాన్ని కాలుష్యం అనలేదు. ఈ దేశంలో పర్యావరణ చరిత్ర రాసేవాళ్లు సువార్త బిందెను ఏ అధ్యాయంలో పెట్టారో మాకైతే కనపడలేదు.

పట్టణాల్లో ఈమధ్య పార్కుల్లో సీసాలతో ఏనుగులు, నెమళ్లు చేసి నిలబెడుతున్నారు. రిబ్బన్ కత్తిరించినాయన ఫొటో, చేయించిన ఆఫీసరు ఫొటో పేపర్లో పడతాయి. ఆ సీసాలు ఏరినామె రేటు కిలోకి ఎంతో రాసినవాళ్లు లేరు. ఎండకు ఆ నెమలి రంగు పోయి, పెళుసెక్కి, ముక్కలై మళ్లీ కాలవలోకే పోతుంది. మళ్లీ ఆమే ఏరుతుంది. 2022 జూలై 1 నుంచి ఒక్కసారి వాడి పారేసే కొన్ని ప్లాస్టిక్ వస్తువులు దేశమంతటా నిషేధం. ఆ ఏడాది ఆఖర్నుంచి 120 మైక్రాన్ల కంటే పల్చటి కవర్లు కూడా. మన సంతలో దొరుకుతున్నాయా లేదా మీరే చెప్పండి. జరిమానా పడేది తోపుడుబండి అక్కకి, కవరు తయారుచేసేవాడికి కాదు.

పెద్దాయనా, మీ ప్రశ్నకు మా జవాబు ఇది. స్థలాల పోరాటం ఆపి బొమ్మలు వెయ్యమని మేం చెప్పం. బొమ్మ వేస్తే కవర్లు మాయం కావు కూడా. కానీ మనం ఏం చూశామో మనమే చూపించకపోతే, వేరేవాళ్లు చూపించినప్పుడు మనం బొమ్మలో నేపథ్యం అవుతాం.

అందుకని ఈ పల్లె కుర్రాళ్లు ఒకటి అనుకున్నారు. కమ్యూనిటీ హాలు గోడ ముందు, నేల మీద ఒక ఆవు బొమ్మ గీస్తారు, సున్నంతో, నిలువెత్తున. దాని పొట్ట మాత్రం ఖాళీగా ఉంచుతారు. వారం రోజుల్లో మన కాలవలో, చెరువు గట్టున ఏరిన కవర్లతో ఆ పొట్ట నింపాలి. ఎంత ముద్ద, ఏ ఆకారం అనేది పెద్దాయన చెప్తారు, ఆయన చెప్పినట్టే పేర్చాలి. పక్కన బోర్డు మీద పేర్లు రాస్తారు: ముందు పొట్ట కోసి చూసిన తాతల పేర్లు, తర్వాత ఏరినవాళ్ల పేర్లు, ఆ తర్వాత గీసినవాళ్ల పేర్లు. ఏరే అక్కలకు ఆ వారం కూలి సంఘం ఇస్తుంది. ఎండీవోని, పంచాయతీ కార్యదర్శిని పిలుస్తున్నాం. గ్లౌజులు, బూట్లు, నెలనెలా జీతం గురించి అర్జీ ఆ బొమ్మ దగ్గరే వాళ్ల చేతికిస్తాం. తర్వాత కవర్లన్నీ ట్రాక్టర్ మీద మండలాఫీసుకు తోలతాం. మనం మాత్రం కాల్చం, పూడ్చం.

కవర్లు తెచ్చేటప్పుడు కడిగి తేవద్దు. మట్టితో, వాసనతో, ఎట్లా దొరికితే అట్లాగే తెండి.

జై భీమ్.